వాలెన్సియాలో నేను ఎగ్గొట్టిన భోజనాలు

2004 సెప్టెంబరులో మా కంపెనీ నన్ను స్పెయిన్‌లోని వాలెన్సియాకు పంపింది. హోదా ఇంప్లిమెంటేషన్ మేనేజరు. సింగపూరులో మావాళ్లు రాసిన సాఫ్ట్‌వేర్‌ను, దాన్ని కొనుక్కున్నవాళ్ల ఊళ్లో నిలబెట్టి, నడుస్తోందని వాళ్లచేత సంతకం పెట్టించుకుని రావడం నా పని. మాది కంటైనర్ రేవులకు ప్రోగ్రాములు చేసే సంస్థ. ఆఫీసు సింగపూరులోనే వన్-నార్త్ అనే కొత్త పేటలో ఉండేది. అప్పటికి అక్కడ సగం భవనాలు ఇంకా క్రేన్ల కిందే ఉన్నాయి. ఐటీ ఊపందుకున్న రోజులవి. మేముండే బూన్ లే పేటలో లిఫ్టులో తెలుగువాడు కలిస్తే ముందు ఏ ప్రాజెక్టని అడిగి, ఆ తర్వాతే పేరడిగేవాడు.

ఆ సాఫ్ట్‌వేర్ చేసే పని కొంచెం చెప్పాలి. ఓడ ఎక్కవలసిన కంటైనర్లు లారీల మీద రేవుకు వస్తాయి. వాటిని యార్డులో ఏ బ్లాకులో, ఏ వరసలో, ఒకదాని మీద ఒకటి ఏ క్రమంలో పేర్చాలో ముందే నిర్ణయించాలి. క్రమం తప్పితే, ఓడ వచ్చాక పైనున్న నాలుగు పెట్టెలూ దించి ఐదోదాన్ని బయటికి లాగాలి. ఈ నిర్ణయాలు చేసేవాళ్లను యార్డ్ ప్లానర్లంటారు. మా సిస్టమ్ వాళ్లకోసమే. అందులో ఒక నియమం ఉండేది. మధ్యాహ్నం పన్నెండు కొట్టగానే ఆ పూట ప్లాన్ ఫ్రీజ్ అయిపోతుంది. ఆ తర్వాత ఏ పెట్టెను కదిపినా, తెర మీద కనిపించే ఆరు కారణాల్లో ఒకటి ఎంచుకోవాలి. వాటిలో మొదటిది ‘క్రేన్ చెడిపోయింది’.

పన్నెండు గంటలన్నది సింగపూరు అలవాటు. మాకు తెలిసిన రేవులో లారీ కంపెనీలు చెప్పవలసిందంతా పన్నెండులోపే చెప్పేసేవి. ఆ తర్వాత అందరూ మకాన్‌కు పోయేవారు. తిండిని ఇక్కడ అలాగే అంటారు. తిండి దుకాణాలన్నీ ఒక్కచోటుండే హాకర్ సెంటర్లో బల్ల మీద టిష్యూ ప్యాకెట్టు పడేసి చోటు ఆపుకుని, ఇరవై నిమిషాల్లో తినేసి వచ్చేసేవారు. మనిషి భోజనానికి అంతకంటే ఎక్కువ టైము పడుతుందని మా డిజైన్లో ఎవరూ అనుకోలేదు.

వాలెన్సియాలో రెండింటికి భోజనానికి లేస్తారు, నాలుగింటికి వస్తారు. నేను దిగిన మొదటిరోజే సీనియర్ ప్లానర్ అంపారో నన్ను భోజనానికి పిలిచింది. యాభై దాటిన మనిషి, గట్టి గొంతు, ఏదో నెట్టుకొచ్చే ఇంగ్లీషు, ఇరవై ఏళ్లుగా ఆ యార్డులోనే పని; మీటింగులకు మాత్రం మాకు దుభాషి ఉండేవాడు. అన్నమే పెడతారు రండి, మీరూ అన్నం తినేవాళ్లే కదా అంది. అందులో ఏం వేస్తారని అడిగాను. కుందేలు, కోడి, అప్పుడప్పుడు నత్తలు అని చెప్పింది. పుట్టి బుద్ధెరిగి గుడ్డు కూడా ముట్టని వాణ్ణి. పని ఉందని చెప్పి తప్పించుకున్నాను. మర్నాడూ అంతే. ఆ తర్వాత అదే అలవాటైపోయింది. అందరూ భోజనానికి పోతే నేను క్యాబిన్లో కూర్చుని పెరుగన్నంలో ఆవకాయ నంజుకుంటూ పరీక్షల పట్టికలు నింపేవాణ్ణి. రోజుకు రెండు గంటలు ప్రాజెక్టుకు మిగులుస్తున్నానని లోలోపల కాస్త గర్వం కూడా ఉండేది.

అయితే ఊరు మాత్రం నాకు తెగ నచ్చేసింది. నదిని ఊరి బయటికి మళ్లించి, ఎండిన పాత ఏటి కడుపంతా తోట చేశారు. పాత వంతెనలు అలాగే ఉన్నాయి, కింద నీళ్ల బదులు పిల్లలు సైకిళ్లు తొక్కుతుంటారు. సాయంత్రాలు అందులోనే నడిచేవాణ్ణి. వీధుల్లో నారింజ చెట్లు, కాయలు నిండా ఉంటాయి, చేదని ఎవరూ కోయరు. తుంగగడ్డల్లాంటి గింజలు రుబ్బి, చక్కెర కలిపి చల్లగా ఇచ్చే ఓర్చాతా అనే పాలకు బానిసనైపోయాను. డిసెంబరులో సిస్టమ్ మొదలైంది. అంపారో సంతకం పెట్టింది, ఆవిడ పైవాళ్లు పెట్టారు. సింగపూరు తిరిగొచ్చాక ఆఫీసులో నన్ను వాలెన్సియా మూర్తి అనడం మొదలుపెట్టారు. నేనూ వద్దనలేదు.

ఇంట్లో మాత్రం ఆ ఊరి పేరు వినీ వినీ మా ఆవిడ సుభద్రకు విసుగొచ్చింది. ఊరికే చెప్పడమెందుకు, చూపించండి అంది. అలా 2007 మే నెలలో పదిరోజుల సెలవు పెట్టి, ఈసారి ఉత్త ప్రయాణికుడిగా బయల్దేరాను. లాప్‌టాప్ తేకూడదని ఆవిడ షరతు. సరేనన్నాను కానీ, ప్రయాణం ప్రణాళికను, కొత్త సిస్టమ్ మొదలయ్యే రోజున, అంటే మా భాషలో గో-లైవ్ నాడు, వాడే రన్‌షీట్ పద్ధతిలో వేశాను. అంటే గంటా నిమిషాలతో పని, బాధ్యుడు, అది కుదరకపోతే ప్రత్యామ్నాయం. సుభద్ర ఆ కాగితం ఆసాంతం చదివి, “ఏవండీ, ఇది సరదాగా వెళ్లడమా, గో-లైవా? బాధ్యుడి గళ్లో అన్నిచోట్లా నా పేరే ఉందేం?” అంది.

మా డైరెక్టరు జాఫర్ భాయ్ హైదరాబాదు మనిషి. సెలవు కాగితం మీద సంతకం చేస్తూ, “మూర్తి సాబ్, మంచిగ తిరిగి రాండ్రి. టెర్మినల్ దిక్కు మాత్రం పోకుండ్రి. పోతే పని అంటుకుంటది మీకు” అన్నాడు. ఆయన అలా అనడానికి కారణముంది. జూన్‌లో మరో దేశపు రేవువాళ్లు మా సిస్టమ్ పనితీరు చూడటానికి వాలెన్సియాకు రాబోతున్నారు. వాళ్లకు నచ్చితే అదే సిస్టమ్‌ను, పన్నెండింటి ఫ్రీజ్‌తో సహా, ఉన్నదున్నట్టుగా కొంటారు. ఈలోగా నేను వెళ్లి ఏదైనా కెలుకుతానేమోనని ఆయన భయం. దాంతోపాటు, ఇలాంటి ప్రాజెక్టులన్నిటి మీదా పెద్దగా ఉండే డెలివరీ హెడ్ పదవి ఖాళీగా ఉంది. వాలెన్సియాను నిలబెట్టిన మనిషిగా నా పేరు పైకి వెళ్లింది. ఆ పదవి నాకు కావాలి. దాచుకోవడం దేనికి, చాలా గట్టిగానే కావాలి.

మొదటి మూడు రోజులు నా రన్‌షీట్ ఒక్క పూటా అనుకున్నట్టు నడవలేదు. నా ఓర్చాతా దుకాణం సెల్‌ఫోన్ల కొట్టయి కూర్చుంది. సుభద్ర పెద్ద మార్కెట్టులో దూరితే బయటికి రాదు. టొమాటోలను పట్టి చూసి, వాసన చూసి, తెలుగులోనే బేరమాడి కొనేది. ఆశ్చర్యమేమిటంటే అవతలివాళ్లకు అర్థమయ్యేది. నాలుగోరోజు మర్యాదకని అంపారోకు ఫోన్ చేశాను. ఈసారైనా భోజనానికి రండి అంది. సుభద్ర ఫోన్ లాక్కున్నంత పని చేసి ఒప్పించింది. మాంసం సంగతి ఎత్తితే, “వాళ్ల వంటవాణ్ణి అడిగితే కూరగాయలతో చెయ్యడా ఏం? మీరు అప్పుడు అడిగారా?” అంది. అడగలేదు.

జాఫర్ భాయ్ మాట దాటకుండా టెర్మినల్ గేటు బయటే ఉన్న భోజనశాలకు వెళ్లాం. అంపారోతో మరో ఇద్దరు ప్లానర్లున్నారు. వంటవాడు నిజంగానే చిక్కుడు గింజలు, క్యాప్సికం వేసి పెద్ద పళ్లెంలో అన్నం వండి పెట్టాడు. అడుగున ఎర్రగా పట్టిన మాడు కోసం ఆ ఇద్దరూ చెంచాలతో పోటీ పడుతుంటే, సుభద్ర తనూ గీకింది. అంపారో అది చూసి తన వంతు మాడు కూడా ఆవిడ వైపు తోసింది. తినడం మూడింటికే అయిపోయింది కానీ ఎవరూ లేవలేదు. తిన్నాక అలాగే కూర్చుని మాట్లాడుకోవడం అక్కడి పద్ధతి. ఆ మాటల మధ్యలో అంపారో ఫోన్ మోగుతూనే ఉంది. మోగినప్పుడల్లా పళ్లెం కిందినుంచి మడతపెట్టిన కాగితం తీసి, పెన్సిల్‌తో ఏదో కొట్టేసి మరేదో రాసేది.

సుభద్ర నాతో మెల్లగా, “ఈవిడ భోజనానికొచ్చిందా, ఆఫీసుకా?” అంది. నవ్వుతూ కాగితం వైపు చూశాను. గళ్లున్నాయి. గళ్లలో బ్లాకు నంబర్లున్నాయి. ఆ నంబర్లు నేను పెట్టినవే.

ఏమిటిదని అడిగాను. అంపారో ఏమీ దాచలేదు. ఇక్కడి లారీ కంపెనీల వాళ్లు కూడా భోజనాల దగ్గర కూర్చుని మాట్లాడుకుంటారట. ఏ లారీ ముందొస్తుంది, ఏ సరుకు రేపటికి పోయింది అన్నది తేలేది రెండుకూ నాలుగుకూ మధ్యనే. మా సిస్టమేమో పన్నెండుకే బిగుసుకుపోతుంది. అందుకని అసలు ప్లాన్ ఈ కాగితం మీద నడుస్తుంది. సాయంత్రం ఐదింటికి కూర్చుని, జరిగిపోయినదాన్ని సిస్టమ్‌లోకి ఎక్కిస్తారు. కారణం అడిగితే ఏది పెడుతున్నారన్నాను. జాబితాలో మొదటిదే అంది. ‘క్రేన్ చెడిపోయింది.’

నెలనెలా వాలెన్సియా నివేదికలు నా బల్ల మీదికే వచ్చేవి, వాటిలో ఫిర్యాదుల పట్టీ ఎప్పుడూ ఖాళీయే. క్రేన్ మరమ్మతుల గీత మిగతా రేవులన్నిటికంటే ఎత్తుగా ఉండేది. స్పెయిన్‌వాళ్లకు క్రేన్లు నడపడం రాదని మీటింగుల్లో జోకులేసిన వాణ్ణి నేనే.

మరి సంతకం పెట్టేటప్పుడు ఎందుకు చెప్పలేదని అడిగాను. గొంతులో కొంచెం నిష్ఠూరం కూడా పలికిందేమో. అంపారో శాంతంగానే చెప్పింది. మీటింగులో దుభాషి ద్వారా ‘ఫ్రీజ్ పన్నెండింటికి, సమ్మతమేనా’ అని అడిగారు. పైవాళ్లందరూ అక్కడే ఉన్నారు. ఆ గదిలో మేం వాదించం. అలాంటివి ఇక్కడ, ఈ బల్ల దగ్గర తేల్చుకుంటాం. అయినా అంతకుముందే, మీరొచ్చిన రెండోవారంలో మీ దుభాషితో చెప్పాను. రేపు మూర్తిగారు భోజనానికొస్తారు, అప్పుడు నేరుగా చెప్పమన్నాడు. మీకోసం కుర్చీ వేసి ఉంచాం. మీరు రాలేదు.

నాకు సిగ్గేసింది. తల తిప్పుకుంటే సుభద్ర ముఖం ఎదురైంది. అంపారో ఇంగ్లీషు ఆవిడకు పూర్తిగా అర్థమైందో లేదో తెలియదు కానీ, నా ముఖం మాత్రం అర్థమైంది.

ఆ సాయంత్రం ఏటి తోటలో నడుస్తూ సంగతంతా ఆవిడకు చెప్పాను. నేను నోరు మూసుకుంటే జూన్‌లో వచ్చేవాళ్లు తెర మీద బొమ్మలు చూసి మెచ్చుకుంటారు, కొంటారు. పదవి నాకొస్తుంది. ఆ రేవులోనూ ఎవరో ఒకరు పళ్లెం కింద కాగితం పెట్టుకుంటారు. చెబితే, మూడేళ్లుగా నేను చూపించుకుంటున్న విజయం ఉత్తదేనని నా చేత్తో నేనే రాసివ్వాలి. సుభద్ర, “చెప్పకపోతే మిగిలిన ఆరు రోజులూ మీరు ఈ మొహమే పెట్టుకుని తిరుగుతారు. నేను పడలేను. రేపు పొద్దున్నే ఫోన్ చెయ్యండి” అంది.

మర్నాడు ఉదయం టిఫినైన వెంటనే చేశాను. సింగపూరులో అప్పుడు మధ్యాహ్నం మూడు. జాఫర్ భాయ్‌కు అంతా చెప్పాను. నవ్వుతాడేమో, తిడతాడేమో అనుకున్నాను. “పోకుండ్రంటె పోయిన్రు” అన్నాడు. “సరే, రాసి పంపుండ్రి. రాస్తె ఆ కుర్సీ మీకు రాదు, ఎరికేనా?” ఎరికే అన్నాను. “అయితే ఎవ్వరి మీద నెట్టకుండ రాయుండ్రి. గట్ల రాస్తెనే నేను మీ దిక్కు నిలబడత” అన్నాడు.

హోటలు కంప్యూటర్లో రెండు పేజీల లోప నివేదిక రాశాను. మా సంస్థ పద్ధతి ప్రకారం అందులో మొదటి గడి లోపం ఎక్కడ పుట్టిందన్నది. ప్రోగ్రామా, పరికరమా, వాడకందారా, అవసరాల సేకరణా అన్న నాలుగింట్లో ఒకటి ఎంచాలి. అవసరాల సేకరణ, అంటే వాళ్లకేం కావాలో ముందే అడిగి తెలుసుకోవడం, అని ఎంచి, బాధ్యుడి పేరు దగ్గర నా పేరు రాశాను. ఆ పది రోజుల్లో బాధ్యుడి గడిలో నా పేరు పడింది అప్పుడొక్కసారే. పంపేశాక సుభద్రతో మార్కెట్టుకు వెళ్లాను. మిగతా రోజులు నిజంగానే సెలవులా గడిచాయి. రన్‌షీటును ఆవిడ నారింజలు చుట్టడానికి వాడింది.

జూన్‌లో చూడవచ్చినవాళ్లను జాఫర్ భాయ్ స్వయంగా ఆ భోజనశాలకు తీసుకెళ్లి, తెరతోపాటు అంపారో కాగితమూ చూపించాడు. వాళ్లు వెంటనే కొనలేదు. ఫ్రీజ్ ఎప్పుడన్నది ఏ రేవుకా రేవు నిర్ణయించుకునేలా మార్చమన్నారు. మార్చాక, ఆరు నెలల తర్వాత కొన్నారు. డెలివరీ హెడ్ పదవి వేరొకరికి వెళ్లింది. ఆ పదవిలో ఎలా ఉండేవాణ్ణోనని చాన్నాళ్లు అనుకునేవాణ్ణి. బాధపడలేదంటే అబద్ధం. నేను ప్రోగ్రామ్ మేనేజరుగానే రిటైరయ్యాను. వాలెన్సియా నివేదికల్లో క్రేన్ల గీత మాత్రం ఆ ఏడాదే కిందికి దిగింది.

ఆ తర్వాత నా కింద పనిచేసినవాళ్లకు రెండు నియమాలు పెట్టాను. కొత్త ఊళ్లో మొదటి వారం మీటింగులు వద్దు, వాళ్లెక్కడ తింటే అక్కడ తినండి. మీ తిండి వేరైతే మీ డబ్బా పట్టుకెళ్లి వాళ్ల పక్కనే కూర్చోండి. రెండోది, ఫిర్యాదుల పట్టీ ఖాళీగా ఉంటే సంతోషించకండి, ఎందుకు ఖాళీగా ఉందో కనుక్కోండి. ఆ ఫ్రీజ్ వేళను మార్చడానికి మా ప్రోగ్రామర్‌కు పట్టింది ఒక్క పూట. నాకు పట్టింది మూడేళ్లు.