శుక్రవారం పొద్దుగూకేలోపు

మా సార్ పోయారన్న కబురు ఒక మంగళవారం పొద్దున నాకు తెలిసింది. జనగామలో నా అద్దె గదిలో కంప్యూటర్ ముందు కూర్చున్నాను. భూపాలపల్లిలో ఉండే ఆయన కూతురు ఫోన్ చేసింది.

"బాపు పోయిండక్కా. పక్కింటి అవ్వ చెప్పింది. ఛాయ్ తాగి, కూసున్నోడు కూసున్నట్టే ఒరిగిండట. నేను బస్సుల ఉన్న, మానుకోటకు పోతున్న."

"జాగ్రత్తగ పో" అన్నాను. ఫోన్ పెట్టేశాక ఎవరికైనా చెబుదామనిపించింది. చెప్పడానికి ఎవరూ లేరు. అక్కాబావలు సూరత్‌లో మగ్గాల పని చేసుకుంటారు, వాళ్లకు ఆయన తెలియదు. కింద దర్జీ దుకాణంలో మిషన్ ఆడుతూనే ఉంది. తాళం వేసి రైల్వేస్టేషన్‌కు నడిచాను.

ఆయన నాకు బంధువు కారు. బడిలో చదువు చెప్పినవారూ కారు. ముప్పై ఏళ్లకు పైగా భూపాలపల్లిలో, బొగ్గుబాయిలోకి కొత్తగా దిగేవాళ్లకు జాగ్రత్తలు నేర్పే పని చేశారు. రిటైరయ్యాక, మా వైపు మానుకోట అని పిలిచే సొంతూరు మహబూబాబాద్ చేరి, భార్య పోయిన తర్వాత అక్కడే ఒంటరిగా ఉండేవారు. నేను ఆయన్ని కలిసేనాటికే చెవి మీద పెన్సిల్ పెట్టుకు తిరిగే పెద్దమనిషి. ఆ పెన్సిల్‌ను బ్లేడుతో చెక్కేవారు, చెక్కిన పొట్టును అరచేతిలో పట్టుకుని బయట పడేసి వచ్చేవారు.

నా పని గురించి కాస్త చెప్పాలి. ఉద్యోగులు కంప్యూటర్లోనో ఫోన్లోనో చూసి పని నేర్చుకునే పాఠాలు తయారుచేస్తాను. ఈ-లెర్నింగ్ అంటారు. పట్నంలో ఒక కంపెనీలో ఆరేళ్లు చేశాను. అన్నిటికీ ఒకటే అచ్చు: పైన శీర్షిక, కింద నాలుగు ముక్కలు, ఆ కింద 'తర్వాత' అనే బటన్, చివర మూడు ప్రశ్నలు. ఒకరోజు ఆ విభాగాన్నే ఎత్తేశారు. మాది కొడకండ్ల, కానీ అమ్మానాన్నలు పోయాక అక్కడ మాకు ఇల్లు లేదు. అందుకని జనగామలో గది తీసుకుని ఉద్యోగాలకు రాయడం మొదలుపెట్టాను. ఎక్కడ అడిగినా "మీరు సొంతంగా చేసినవి చూపించండి" అనేవారు. చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. అచ్చు కంపెనీది, నేను అందులో మాటలు పోశానంతే.

ఆ రోజుల్లోనే, గనిలో పనికి మనుషుల్ని పెట్టే ఒక కాంట్రాక్టరు చిన్న పాఠం చేయమన్నాడు. చేసుకుని భూపాలపల్లి వెళ్లి హాల్లో చూపించాను. మూడో బొమ్మ వచ్చేసరికి సగం మంది కునుకుతున్నారు. వెనక వరసలో, కూతురింటికొచ్చి పాత అలవాటు కొద్దీ హాలుకు వచ్చిన ఒకాయన మాత్రం తెరవైపు కాకుండా వాళ్ల మొహాలవైపు చూస్తున్నారు. అంతా అయ్యాక నా దగ్గరికి వచ్చారు.

"పాఠం మంచిగనే ఉన్నది బిడ్డా. ఎవలికి చెప్పినవ్ గిది?"

"కార్మికులకు సార్."

"వాళ్లల్ల ఒక్కని పేరు చెప్పు."

చెప్పలేకపోయాను. ఆయన నవ్వలేదు, ఎత్తిపొడవలేదు. నా ఫోన్ నంబరు అడిగి రాసుకున్నారు. ఆ శనివారమే ఫోన్‌కు ఆయన గొంతు రికార్డయి వచ్చింది. "మా పక్కింటి అవ్వకు బీపీ మిషన్ తెచ్చిచ్చిర్రు. పట్టీ ఎట్ల కట్టుకోవాల్నో తెల్వది. ఆమెకు చదువు రాదు. ఒక్క అక్షరం లేకుంట చెప్పు. శుక్రవారం పొద్దుగూకేలోపు పంపాలె. నీ అసొంటోళ్లు ఇంకొందరున్నరు, మన గ్రూపుల అందరికి గిదే పని."

పదకొండు బొమ్మలు గీసి పంపాను. మర్నాడు జవాబు వచ్చింది. "అవ్వ నాలుగో బొమ్మ కాడ ఆగింది. పట్టీ ఈ చేతికి పెట్టింది, తీసి ఆ చేతికి పెట్టింది. ఎందుకో నువ్వే చూసుకో."

రెండు రోజులు చూశాను. బొమ్మలో మనిషి మనకెదురుగా కూర్చుంది. ఆమె ఎడమ చేయి మనకు కుడివైపున పడింది. అవ్వ తన చేతిని తను ఎలా చూసుకుంటుందో అలా గీయాల్సింది. మార్చి పంపితే ఒక్కమాటే అన్నారు: "కట్టుకున్నది."

అలా మొదలై వారం వారం సాగింది. బచ్చన్నపేట పత్తి చేలో మందు కొట్టేవాళ్లకు, చేతులు ఖాళీగా ఉండవు కాబట్టి వింటే చాలేలా ఏం జాగ్రత్త చెప్తావు అన్నారొకసారి. హుషారుగా పాట కట్టి పంపాను. ఇద్దరు కూలీలకు వినిపించారట. "పాట మస్తు నచ్చిందట బిడ్డా. మందు సంగతే యాదికి లేదట." ఇంకోసారి ఒకే ఒక్క ప్రశ్నతో పాఠం చేయమన్నారు, మరోసారి మూడే బొమ్మలన్నారు. బాగా రాలేదని పంపకుండా ఆపుకుంటే ఊరుకునేవారు కాదు. "బాగలేకున్నా పంపు. బాగొచ్చినదే పంపుతనంటే ఏడాదికొకటి వస్తది" అనేవారు. నేను ఆలస్యం చేస్తే మాత్రం "గ్రూపుల ఒకాయన బుధవారమే చేసిండు" అని చురక పెట్టేవారు. ఆ ఒకాయన మీద నాకు చాలా కోపంగా ఉండేది. మిగతావాళ్లవి నాకూ చూపించమని అడిగితే "వద్దు, ఒకరిది చూస్తె ఇంకొకరు గట్లనే గీస్తరు" అన్నారు.

ఏడాదిన్నరకు నా దగ్గర చిన్నా పెద్దా డెబ్బై పాఠాల దాకా పోగయ్యాయి. వాటిని పంపితే ఒక మంచి సంస్థ నుంచి పిలుపొచ్చింది. ఇంటర్వ్యూ చేసినావిడ డిగ్రీ గురించి అడగలేదు. బీపీ మిషన్ పాఠం తెరిచి "ఈ నాలుగో బొమ్మ రెండు రకాలుగా ఉందేం?" అంది. అరగంట ఆ బొమ్మ గురించే మాట్లాడాను. జనగామ నుంచే చేసుకునేలా ఉద్యోగం ఇచ్చారు. ఇప్పుడు తింటున్న అన్నం దానిదే.

ఉద్యోగం వచ్చాక నేను చేసిన పని కూడా చెప్పాలి. వరసగా ఎనిమిది వారాలు ఆయనకేమీ పంపలేదు. శనివారం శనివారం ఆయన గొంతు వస్తూనే ఉంది. విని ఫోన్ పక్కన పెట్టేదాన్ని. తొమ్మిదో వారం సిగ్గుపడి ఫోన్ చేశాను.

"పని ఎక్కువైంది సార్."

"ఎరికే. పని వేరు, సాధన వేరు బిడ్డా. పనిల తప్పు చేస్తె ఊకోరు. నువ్వు ఎప్పటికీ నీకు వచ్చినదే చేసుకుంట పోతవ్. గీడ తప్పు చేయొచ్చు. రానిది చేయొచ్చు."

ఎంతో బాగా చెప్పారని ఆ రోజు అనుకోలేదు. తర్వాత ఆఫీసులో ఎవరికీ తోచని దారి నాకు తోచిన ప్రతిసారీ, దాన్ని ఏదో ఒక శుక్రవారం ముందే చెడగొట్టి చూసి ఉన్నానని తెలిసేది. మళ్లీ మొదలుపెట్టాను. ఆయన పోయే ముందు శుక్రవారం దాకా తప్పలేదు.

పదోరోజుకు మహబూబాబాద్ మళ్లీ వెళ్లాను. భోజనాలయ్యాక ఆయన కూతురితో అన్నాను, "గ్రూపులో మిగిలినవాళ్లకు కబురు పెట్టినవా? వాళ్లకు తెలిసిందో లేదో."

"ఏ గ్రూపక్కా?"

వాళ్ల నాన్న ఫోన్ తీసి నా చేతికిచ్చింది. శనివారం మాటలన్నీ ఒక్క నంబరుకే వెళ్లాయి. నాకే. ఆ అమ్మాయి లోపలికి వెళ్లి పాత క్యాలెండర్ కాగితాల కట్ట తెచ్చింది. వెనకవైపు తెల్లగా ఉన్నచోట పెన్సిల్ బొమ్మలు. బీపీ పట్టీ, మందు డబ్బా, నిచ్చెన. నాకిచ్చిన ప్రతి పనీ ఆయనా చేశారు. మూలన వారం పేరు రాసుకున్నారు, చాలావాటి మీద బుధవారం. నేనేమీ పంపని ఆ ఎనిమిది వారాలవీ ఉన్నాయి. ఒక్కటీ తప్పలేదు.

"బాపు గివన్ని ఎవలికి చూపెట్టలే" అంది కూతురు.

మీలో ఎవరికైనా ఇలా వారం వారం ఎదురుచూసే మనిషి ఉంటే ఆ మనిషి ఎలా ఉన్నాడో ఒకసారి అడగండి. నేను అడగలేదు. ఇన్నేళ్లలో నా పాఠం ఎక్కడ ఆగిందనే అడిగాను. ఈ ఒంటరి గదిలో నేనొక్కదాన్నే అనుకున్నాను. అక్కడ ఆయనా ఒక్కరే కూర్చుని గీస్తున్నారని తెలియలేదు.

తర్వాతి శనివారం ఫోన్ మోగలేదు. అలవాటు కొద్దీ నాకు నేనే ఒక పని పెట్టుకుని, శుక్రవారానికి ఎండదెబ్బ మీద ఆరు బొమ్మలు గీశాను. పంపడానికి చూస్తే ఆ నంబరు వెనక ఎవరూ లేరు. మధ్యాహ్నం సెలవు పెట్టి రైలెక్కి మహబూబాబాద్ పోయాను. పక్కింటి అవ్వ వాకిట్లో మిరపకాయల తొడిమలు తీస్తోంది. ఆమె పుట్టింది లంబాడీ తండాలో, ఇంట్లో వాళ్ల భాషే. నాతో మాత్రం తెలుగులో మాట్లాడుతుంది.

"సారు లేడుగద బిడ్డా, ఎవలకోసం వచ్చినవ్?"

"నీకోసమే అవ్వా. జర గిది చూడు."

ఫోన్ ఆమె ముందు పెట్టాను. ఆమె తన చేతులవైపు చూసుకుంది, మిరప ఘాటు. పైట కొంగుకు తుడుచుకుంది, అయినా నమ్మకం కుదరలేదు. చివరికి చిటికెన వేలు మడిచి, వెనకవైపుతో మెల్లగా మొదటి బొమ్మ జరిపింది. తాళం వేసిన సార్ ఇంటి నీడ మా ఇద్దరి మీదా పడుతోంది. ఎర్రటి కుప్ప పక్కన తల వంచుకుని, వాళ్ల భాషలో ఏదో గొణుక్కుంటూ, ఆమె రెండో బొమ్మను చాలాసేపు చూస్తూ ఉండిపోయింది.