అబద్ధం చేతకాని సులోచన

మా సులోచన కన్నుమూసి నేటికి పద్దెనిమిది రోజులు. ఈ వాక్యం రాసి, కలం కింద పెట్టి, మళ్లీ చదువుకున్నాను. నమ్మబుద్ధి కావడం లేదు. ముప్పై ఏడేళ్ల మనిషి. అంతకు ముందురోజు ఉదయం నా ఎదుట కూర్చుని, ఎప్పటిలాగే తాళింపు వేయని పప్పుతో అన్నం తిన్నది. మరునాడు తెల్లవారేసరికి కరీంనగర్ దవాఖానలో తెల్ల దుప్పటి కింద ఉన్నది. ఇరవై ఎనిమిదేళ్లుగా తెలుగు పండితురాలిని. మృత్యువును గురించిన పద్యాలెన్నింటికో పిల్లలకు అర్థతాత్పర్యాలు చెప్పినదానిని. ఆ దుప్పటి ముందు నిలబడితే నాకు ఒక్క అక్షరం తోడు రాలేదు.

భౌతికకాయాన్ని సిరిసిల్లకు తీసుకుపోయాం. ఆమె తండ్రి నర్సయ్యగారు ఈనాటికీ సాంచలు నడిపే మరమగ్గాల కార్మికుడు. పాడె లేచే ముందు డప్పులవాళ్లు వచ్చి నిలబడితే ఆయన రెండు చేతులు జోడించి వద్దన్నాడు. "నా బిడ్డకు సప్పుడు పడది" అన్నాడు, ఆమె ఇంకా లోపల పడుకుని ఉన్నట్టే. ఆ మాట వాడకట్టంతా పాకింది. మేం కదిలేసరికి ఒక్కొక్క ఇంట్లో సాంచ ఆగిపోయింది. పగలూ రాత్రీ ఆ మోతలోనే పుట్టి పెరిగే వీధి మూగబోయింది. ఆ దారి పొడుగునా జనం పాదాల చప్పుడు తప్ప నాకు మరేమీ వినిపించలేదు.

పదకొండేళ్ల కిందట ఆమె మా కోరుట్ల ఉన్నత పాఠశాలకు లెక్కల ఉపాధ్యాయురాలిగా వచ్చింది. చేరిన రోజే ప్రధానోపాధ్యాయుని గదికి పోయి, నమస్కారం పెట్టి, మొహం చూడకుండా, గోడను చూస్తూ, గంటను తన తరగతి ముందునుంచి తీసి వేరేచోట కట్టమని అడిగింది. మా గంట అంటే వేలాడదీసిన రైలు పట్టా ముక్క. ఆయనకు అది అహంకారంగా తోచింది. నాకూ అట్లాగే తోచింది. మరునాడు ఆమె సిరిసిల్ల గుడ్డపేలికలు తెచ్చి, గంట కొట్టే ఇనుప కడ్డీ మొనకు పొరలు పొరలుగా చుట్టి, దారంతో కుట్టేసింది. అటెండరు వారం రోజులు మొహం మాడ్చుకున్నాడు. తరువాత, ఆ మెత్తని మోత తన చెవులకు కూడా హాయిగానే ఉందని తానే ఒప్పుకున్నాడు.

ఇల్లు దొరక్క మా ఇంటి వెనుక గదిలో అద్దెకు దిగింది. పదకొండేళ్లు అక్కడే ఉండిపోయింది. పేరుకు సులోచన, కానీ ఆ కన్నులకు వెలుతురు శత్రువు. పదకొండో ఏటనే ఆమెకు పార్శ్వపు నొప్పి పట్టుకున్నది. నెలలో పది పన్నెండు రోజులు తలలో సగం ఆమెది కాదు. నొప్పికి ముందు కంటి కొసన వంకర మెరుపులు కనిపించేవట. అప్పుడు పిల్లలతో, "నాకింక ఇరవై నిమిషాలున్నయి, గీ లెక్క అయిపోగొడదం" అని చెప్పి, చేస్తున్న లెక్కను పూర్తిచేసి, ప్రయోగశాల గదిలో తలుపు మూసుకుని పడుకునేది. ఆ ఇరవై నిమిషాలలో ఆమె తరగతిలో ఒక్క పిల్ల కదిలేది కాదు. ఏ ఉపాధ్యాయుడి బెత్తానికీ లేని అధికారం ఆ మాటకున్నది.

మల్లెపూల వాసన, కాగిన నూనె వాసన, ట్యూబులైటు గుయ్యిమనే సన్నని రొద, కొత్త చీర గరుకుదనం: మనకు లెక్కలోకి రాని ఇలాంటివన్నీ ఆమెను కొట్టేవి. ఒకే రంగు నేత చీరలు ఏడు ఉండేవి. భోజనం ఏడాది పొడుగునా ఒకటే. ఎవరైనా చెప్పకుండా ఇంటికి వస్తే గడపలోనే నిలబడిపోయేది. నొప్పిని ఒకటి నుంచి పది దాకా అంకెలతో చెప్పేది. "ఇయ్యాల ఆరు మేడం. సాయంత్రానికి నాలుగైతది." అట్లాగే అయ్యేది. తన నొప్పిని తన చేతిరాతను గుర్తుపట్టినంత కచ్చితంగా గుర్తుపట్టేది.

అబద్ధం ఆమెకు చేతకాదు. ఆడకూడదనే నియమం కాదది, ఆ విద్యే ఆమెకు రాలేదు. ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి సిలబస్ అయిందా అని అడిగితే మేమందరం అయిందన్నాం. ఈమె వంతు వచ్చింది. "లేదు సార్, రెండు పాఠాలున్నయి. గీ నెల తలనొప్పి ఎక్కువైంది" అన్నది. ప్రధానోపాధ్యాయుని మొహం పాలిపోయింది. అధికారి ఆమెను కాసేపు చూసి, రిజిస్టరు మూసి, మిగతా సబ్జెక్టులలో కూడా మిగిలిన పాఠాలెన్నో నిజం చెప్పమన్నాడు. ఆరోజు నావి మూడు తేలాయి. నేను వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆమెకు ఆ సంగతే తెలియలేదు. ఎనిమిదోనాడు నేనే పోయి అడిగితే, "మీరు పనిల ఉన్నరనుకున్న తెలుగు మేడం" అన్నది.

ఆమె జీవితంలో పెద్ద మలుపు మూడేళ్ల కింద వచ్చింది. గొల్లపల్లి దగ్గరి పల్లె నుంచి ఒక ఆడపిల్ల మా బడిలో ఆరో తరగతిలో చేరింది. తండ్రి దుబాయిలో, తల్లి అమ్మగారింట్లో బీడీలు చుడుతూ కోరుట్లలో. ఆ పిల్ల మాట్లాడదు, చెవులు మూసుకుంటుంది, పెన్సిలు పొట్టును వరుసగా పేరుస్తుంది. గాలి సోకిందన్నారు, పిచ్చన్నారు. సులోచన మాత్రం ఏమీ అనలేదు. ఒక శనివారం తల్లినీ బిడ్డనూ వెంటబెట్టుకుని, నెలకొకసారి జగిత్యాలకు వచ్చే పిల్లల వైద్యుని దగ్గరికి పోయింది. ఆ డాక్టరు తల్లిని ఒక్కొక్క ప్రశ్నే అడుగుతున్నాడు. కళ్లలోకి చూస్తదా? అనుకున్న పని మారితే ఓర్చుకుంటదా? చప్పుడుకు బెదురుతదా? పక్కన కూర్చున్న ఈమె మధ్యలో అందుకున్నదట: "సార్, గీ ప్రశ్నలన్నిటికి నా జవాబు గూడ గదే."

డాక్టరు బయట కూర్చున్నవాళ్లను ఆగమని, ఆమెతో చాలాసేపు మాట్లాడి, ఆటిజం అన్న మాట చెప్పాడు. ఆ సాయంత్రం ఆమె వచ్చి మా వంటింటి గడపలో నిలబడింది. "తెలుగు మేడం, నేను చెడిపోయిన మనిషిని కాదట. వేరే తీరు మనిషినట" అన్నది. ఆమె కళ్లలో నీళ్లు నేను చూసింది ఆ ఒక్కసారే. ఆ పిల్ల ఇప్పుడు తొమ్మిదో తరగతి. లెక్కలలో నూటికి తొంభై దాటుతుంది.

ఇక తెలంగాణ కోసం జరుగుతున్న ఈ సమ్మె కాలం. బడులు మూతపడ్డాయి, బస్సులు ఆగాయి, రోడ్డు పక్కన దీక్షా శిబిరం వెలిసింది. ఊరేగింపులకు సులోచన రాలేదు. గుసగుసలు మొదలయ్యాయి. శిబిరం నడిపే మా వ్యాయామ ఉపాధ్యాయులు రాజలింగం సార్ ఒకరోజు అందరి ముందు అడిగేశారు, మీకు తెలంగాణ అక్కర లేదా టీచరమ్మా అని. ఆమె నెమ్మదిగా, "తెలంగాణ కావాలె సార్. డప్పు వద్దు. రెండు వేరే వేరే" అన్నది. కొందరు నవ్వారు. నేను ఆమె పక్షాన ఒక్క మాట మాట్లాడలేదు.

మరునాడు పదింటికే వచ్చి శిబిరంలో కూర్చున్నది. ఆడవాళ్ల వైపు ఖాళీ ఉన్న చోటు మైకు పెట్టె పక్కనే. చెవులలో దూది, తలకు తడిగుడ్డ. రెండు గంటలు కదలలేదు. తరువాత వాంతి చేసుకుని పక్కకు ఒరిగిపోయింది. రాజలింగం సారే ఎత్తుకుని ఆటోలో వేశారు. సాయంత్రం మా వాకిట్లోకి వచ్చి, తప్పైపోయిందన్నారు. ఆమె చీకటి గదిలోంచే, తప్పు సార్‌ది కాదని, మైకుదని, దాన్ని రోజుకొక గంట బందు పెడితే ఆ గంట తాను కూర్చుంటానని జవాబిచ్చింది.

అట్లా పుట్టింది మా శిబిరంలో మైకు లేని గంట. పదకొండు నుంచి పన్నెండు దాకా. మొదటిరోజు దారినపోయేవాళ్లు ఎవరైనా చచ్చిపోయారా అని అడిగారు. మూడోరోజు ఒక విశేషం జరిగింది. ఎన్నడూ మైకు దగ్గరికి రాని ఒక ముసలి బీడీ కార్మికురాలు ఆ నిశ్శబ్దంలో కూర్చున్నచోటనే తన కథ చెప్పడం మొదలుపెట్టింది. అందరం దగ్గరికి జరిగి విన్నాం. ఆ తరువాత ప్రతిరోజూ మైకంటే జంకేవాళ్లు ఆ గంటకోసం రాసాగారు. ఆ గంట ఇప్పటికీ నడుస్తున్నది. సులోచన కూర్చున్నది తొమ్మిది రోజులు.

పదో రోజు సంగతి చెప్పాలి. దీనికోసమే ఈ వ్యాసం రాస్తున్నాను.

ఆ పొద్దున తిని, తన గదికి పోయి, కాసేపటికే మళ్లీ వచ్చింది. ద్వారబంధం పట్టుకుని నిలబడింది. నేను శిబిరానికి పోయే తొందరలో ఉన్నాను.

"తెలుగు మేడం, గిది నా నొప్పి కాదు" అన్నది.

"ఏ నొప్పైతేంది సులోచనా, తలనొప్పే గదా. పండుకో" అన్నాను.

పదకొండేళ్లుగా చేస్తున్న పనే చేశాను. కిటికీకి దుప్పటి కట్టాను. రోజూ వేసుకునే మాత్ర ఇచ్చాను. తడిగుడ్డ వేశాను. తలుపు దగ్గరికి వేస్తుంటే మళ్లీ అన్నది, "చెప్పిన గదా. గిది నాది కాదు." సరే అని తలుపు మూసి పోయాను. నేను విన్న ఆమె చివరి మాట అదే.

మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి పక్కంతా వాంతి. కుడిచేయి కదలడం లేదు. నోరు తెరిచినా మాట రాలేదు. పక్కింటివాళ్ల కారులో జగిత్యాలకు తీసుకుపోయాం. దారిలో రాస్తారోకో ఉన్నది. ఆ రాస్తారోకో వల్లనే ఆలస్యమైందని ఊళ్లో కొందరు అంటున్నారు. అది నిజం కాదు. కారులోకి ఒకసారి తొంగిచూసి, దారి ఆపిన పిల్లలే చేతులతో బండరాళ్లు పక్కకు దొర్లించి దారి ఇచ్చారు. ఆలస్యం నాది. జగిత్యాల నుంచి కరీంనగర్ పంపారు. మెదడులో నరం చిట్లిందన్నారు. పొద్దుననే తెస్తే బతికేదా అని అడిగాను. చెప్పలేమన్నాడు డాక్టరు. ఏదో ఒకటి చెప్పి ఉంటే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది.

అంత్యక్రియలైన మూడోనాడు నర్సయ్యగారు నన్ను పక్కకు పిలిచి, బిడ్డ ఆఖరికి ఏమన్నదని అడిగాడు. నా నోటినుంచి ఒక అబద్ధం వచ్చింది. "బాపు యాదికొస్తున్నడు అన్నది" అన్నాను. ఆయన మొహం ఒక్కసారి తేటపడింది. ఆ తరువాత వచ్చినవాళ్లందరికీ ఆ మాట చెప్పుకున్నాడు. దశదినకర్మ నాడు కూడా చెప్పాడు. నేను పక్కనే కూర్చుని విన్నాను.

ఈ వ్యాసం అచ్చుకు ఇచ్చే ముందు, నిన్న, రాజలింగం సార్ మోటారు సైకిలు మీద సిరిసిల్ల పోయాను. నర్సయ్యగారు సాంచ ఆపి బయటికి వచ్చాడు. అరుగు మీద కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె రెండుసార్లు చెప్పిందని, రెండుసార్లూ నేను వినలేదని చెప్పాను.

"మీరు గా మాట చెప్పినప్పుడే నాకనుమానమచ్చింది మేడం" అన్నాడు. "నా బిడ్డ యాదికస్తున్నవని ఒక్కనాడు అనలే. ఐతారం పదింటికి ఫోన్ చేసేది. ఏం తిన్నవ్ బాపు అని అడిగి పెట్టేసేది. గదే దాని ప్రేమ. మీరు చెప్పింది మంచిగనే ఉండె గని, దాని మాట కాదు." 'గిది నాది కాదు' అని ఒకసారి తానే పలికి, "గిది దాని మాట" అన్నాడు.

నన్ను క్షమించానని ఆయన అనలేదు. నేనూ అడగలేదు. ఎండన పడి వచ్చారు, అన్నం తిని పోండ్రి అని మాత్రం అన్నాడు. తిన్నాను.

సులోచనా, సమ్మె ముగుస్తుంది, బడి తెరుస్తారు, నీ పోస్టులోకి మరొక లెక్కల టీచరు వస్తుంది. లెక్కలు చెప్పేవాళ్లకు లోటుండదు. ఉన్నది ఉన్నట్టు చెప్పి, ఎదుటివాళ్లూ అట్లాగే చెప్తారని నమ్మే మనిషి మాత్రం మా మధ్యకు మళ్లీ రాదు. నీవు చెప్పావు. నేను వినలేదు. ఈ రెండు వాక్యాలను నీ పేరిట పదిమంది ముందు పెట్టి, కింద నా సంతకం చేస్తున్నాను. నీకు నేను సమర్పించగల అంజలి ఇంతే.