అన్న తెచ్చిన ఫ్లాపీ

మొన్న పొద్దున నా కంప్యూటర్‌లో ఉత్తరాలు రాసుకునే చిన్న ప్రోగ్రామొకటి దించుకుంటే, అది తనకు కావలసిన ఫాంట్లు, నడవడానికి సాయపడే లైబ్రరీ ఫైళ్లు, సమస్తం ఒకే మూటగా కట్టుకుని వచ్చింది. పరుపు చుట్టతో సహా పెళ్లికి దిగిన చుట్టంలా ఉందని నవ్వుకున్నాను, అంతలోనే మా అన్న గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి.

మన వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, కంప్యూటర్‌ను నడిపే లినక్స్ అనే ఉచిత వ్యవస్థ సీడీల మీద చేతులు మారిన రోజులవి. బేగంపేటలో ఉద్యోగం చేసే నేను, ఆదివారమైతే చాలు సీతాఫల్‌మండిలో అన్న ఇంట్లో వాలేదాన్ని. బడుల్లో మూలపడ్డ పాత కంప్యూటర్ల కోసం మేమిద్దరం ఒక తెలుగు లినక్స్ తయారుచేస్తుండేవాళ్లం. అందులో ప్రతి ప్రోగ్రామూ దేనికది విడి పొట్లంగా ఉండాలని, ఎవరికి కావలసింది వాళ్లు ఎక్కించుకుంటే చిన్న డిస్కులు నిండిపోవని, ఒకదాన్ని బాగుచేయడానికి అన్నిటినీ కదిలించక్కర్లేదని నా వాదన. అన్న ఒప్పుకునేవాడు కాదు. "ఏందే చెల్లె, ఇంటికొచ్చినోళ్లకు అన్నం ఒక దిక్కు, కూర ఒక దిక్కు పెడ్తమా?" అనేవాడు. వదిన చేసిపెట్టిన ఉప్మా ముట్టకుండా గంటలు గంటలు పోట్లాడుకునేవాళ్లం. చివరికి నా మొండితనమే గెలిచింది, తెర మీద తెలుగు అక్షరాలు చూపించే ఫాంట్లను కూడా విడదీసి పక్కన పెట్టాను.

మొదటి సీడీ వెళ్లింది మౌలాలిలో వదిన పాఠాలు చెప్పే బడికి. ఆ రోజు పిల్లలకు తెలుగు పాఠం తెర మీద చూపించలేకపోతే, కంప్యూటర్లు తీసేసి ఆ గదిలో బల్లలు వేయిస్తానని హెడ్‌మాస్టరు ముందే చెప్పేశారు. తీరా అన్నా నేనూ వెళ్లి ఎక్కించి తెరిస్తే అక్షరాలకు బదులు వరసగా ఖాళీ గడులు. ఫాంట్ల పొట్లాన్ని సీడీలో చేర్చడమే మరిచాను, ఆ బడిలో ఇంటర్నెట్టా లేదు. వదిన ముఖం పాలిపోయింది. నేను నోరు తెరిచేలోపే అన్న, "నేనే మర్చిపోయిన సార్, జెర టైమియ్యుండ్రి" అని చెప్పి స్కూటరెక్కాడు.

గంటలోపే ఇంటి నుంచి ఆ ఫాంట్ల పొట్లాన్ని ఒక ఫ్లాపీలో తెచ్చాడు. అది ఎక్కించగానే గడులన్నీ అక్షరాలయ్యాయి, పిల్లలు గొంతెత్తి చదివారు, ఆ గది నిలిచింది. అన్న నన్ను పక్కకు పిలిచి, "నువ్వు ముక్కలు చేసినవ్ కాబట్టే గింత ఫ్లాపీల పట్టింది. లేకుంటే సీడీ మొత్తం మళ్ల రాయాల్సొస్తుండె" అన్నాడు. తప్పు తన మీద వేసుకుని, మెప్పు నాకిచ్చాడు. తప్పు నాదని నేను మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెబుదాంలే అనుకుంటుండగానే ఏళ్లు గడిచాయి, అన్న వెళ్లిపోయాడు.

మొన్న ఆపుకోలేక వదినకు ఫోన్ చేసి అంతా చెప్పేశాను. "నాకెర్కనే. గా దినమే చెప్పిండు. నువ్వు చిన్నబోతవని, నిన్ను అడగొద్దన్నడు" అంది.

ఇప్పుడు ప్రోగ్రాములన్నీ అన్న కోరుకున్నట్టే అన్నం, కూర కలిపే తెచ్చుకుంటున్నాయి, ఫాంటు మరిచిపోయారని ఎవరూ స్కూటరెక్కి పరుగెత్తక్కర్లేదు. నేను ఓడిపోయానని ఒప్పుకుందామంటే, సీతాఫల్‌మండిలో అన్న లేడు.