కుందేలును చంపిన కండక్టరు

ఆ రోజుల్లో నా గొంతు మా వీధికంతా ఉమ్మడి ఆస్తి. కొత్తగా బస్సు కండక్టరునయ్యాను. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు మీదుగా పులివెందులకు పోయి వచ్చేసరికి, ఇంట్లో మంచినీళ్లడిగినా వెనక సీటు దాకా వినబడేలా అడిగేవాణ్ణి. సాయంత్రం ఇంటికి చేరాక, రెండో తరగతి చదివే మా పాపకు కథల పుస్తకం చదివి వినిపించడం నా రెండో డ్యూటీ. అది నా ఒళ్లో కూర్చుని వినేది, వీధిలోవాళ్లు ఎవరి అరుగు మీద వాళ్లు కూర్చుని వినేవాళ్లు. (మధ్యలో దగ్గొస్తే, పక్కింటి అవ్వ "ఆ మాట మళ్లొకసారి చెప్పప్పా" అని గోడ అవతలి నుంచే అడిగేది.)

ఒకనాడు స్నేహితుడింట్లో టీవీలో క్రికెట్ మ్యాచ్ మంచి పట్టు మీదుంది. ఇక్కడేమో కుందేలు పులి గుహలో చిక్కుకుంది, ఇంకా ఆరు పేజీలున్నాయి. "పులి కుందేలును తినేసింది, కథ అయిపోయింది" అని పుస్తకం మూసి చెప్పులేసుకున్నాను. పాప భోరుమంది. అయినా ఆగలేదు, వయసలాంటిది. నాలుగిళ్లు దాటానో లేదో దర్జీ మామ మిషను ఆపేశాడు.

"ఏందప్పా, కుందేలును అట్ల సంపేస్తివి?"

వెనక నుంచి అవ్వ అందుకుంది. "బిడ్డ ఏడుస్తాంటే యాడికి పోతాండావురా?"

మా ఆవిడ గుమ్మంలోకొచ్చి నడుం మీద చేతులేసుకుని నిలబడింది. నాకు అదే ఎక్కువ భయమేసింది. తిరిగొచ్చి పాపను ఒళ్లోకి తీసుకున్నాను.

"కుందేలు సావల్యామ్మా. పులికి అరగక కక్కేసింది" అన్నాను.

పాప ముక్కు తుడుచుకుంది. "కాదు నాయనా. పులిని నిద్రబుచ్చి బయటికొస్తాది. పొద్దున్నే నేను సదువుకున్నా."

"మరెందుకు ఏడ్చినావు?"

"నువ్వు లేసి పోతాండావని."

చెప్పులు విడిచి, ఆ ఆరు పేజీలూ ఎంత నెమ్మదిగా చదవగలనో అంత నెమ్మదిగా చదివాను. కుందేలు బయటపడ్డాకే మామ మిషను మళ్లీ మొదలైంది.

ఇప్పుడు పాప పదో తరగతి. తన గదిలో పెదవి కదలకుండా చదువుకుంటుంది. నేను వెళ్లి గుమ్మంలో నిలబడితే తలెత్తి, "ఏం కావాల నాయనా?" అంటుంది. ఏమీ లేదంటాను. కాసేపు పక్కన కూర్చోబెట్టుకో అని అడగడానికి సిగ్గు. అదైతే ఆనాడు ఏడ్చి నన్ను కూర్చోబెట్టుకుంది. నాకు ఏడ్చే వయసు దాటిపోయింది కాబట్టి, నవ్వి వచ్చేస్తాను.