గాలి పోయే జాగా

హాలియాలో సాగర్ రోడ్డు మీద, లారీలు ఆగే చోట వహీద్ షాపుకు బోర్డు లేదు. దాని అవసరం ఎప్పుడూ పడలేదు. ముప్పై ఐదేళ్లుగా ఆ షాపు ముందు ఏదో ఒక లారీ హారన్ మోగుతూనే ఉంది. దారి అడిగిన వాళ్లకు అదే గుర్తు. కాలువ కింద వరి కోతలు మొదలైతే ధాన్యం లారీలు వరస కట్టేవి. ఏ డ్రైవరుకు ఎలాంటి కూత కావాలో వహీద్‌కు తెలుసు. ఒకడికి బర్రె అరిచినట్టు మొద్దుగా ఉండాలి, ఇంకొకడికి పెళ్లి సన్నాయిలా సాగాలి. ఇద్దరినీ తిడుతూనే ఇద్దరికీ కావలసినట్టు చేసి పంపేవాడు.

ఎయిర్ హారన్ అంటే అంతా గాలి పని. చిన్న కంప్రెసర్ ఒకటి డబ్బాలో గాలి నింపుతుంది. బటన్ నొక్కితే ఆ గాలి పైపులోంచి బూరలోకి పోయి కూత పెడుతుంది. డబ్బాలో గాలి తగ్గితే కంప్రెసర్ తనంతట తానే నడిచి మళ్లీ నింపుకుంటుంది. ఇంతే సంగతి. ఈ కాస్త దాని దగ్గరే సాగర్ డ్యాం పక్కన నందికొండలో లాంచీ నడిపే పరమేశ్వర్ బతుకు అటో ఇటో తేలాల్సి వచ్చింది.

పరమేశ్వర్‌ది చండూరు వైపు నేతపని ఇల్లు. అతనికి మాత్రం మగ్గం దగ్గర కుదురుగా కూర్చోవడం చిన్నప్పుడే చేతకాలేదు. నీళ్ల మీదికి వచ్చి పన్నెండేళ్లయింది. మొదట ఒడ్డున తాళ్లు కట్టాడు, తర్వాత టికెట్లు చింపాడు, నాలుగేళ్ల కిందట ఒక ప్రైవేటు లాంచీ స్టీరింగు చేతికొచ్చింది. నలభై మందిని ఎక్కించుకుని డ్యాం వెనక నీళ్లలోకి పోయేటప్పుడు కొడుకు మెడ నాలుగు అంగుళాలు పెరుగుతుందని తల్లి ఉప్పలమ్మ ఎగతాళి చేసేది. ఆమె ఇప్పటికీ కిరాయింటి వరండాలో మగ్గం పెట్టుకుని నేస్తూనే ఉంది.

కరోనా తర్వాత టూరిస్టులు మళ్లీ రావడం మొదలైన మరుసటి ఏడాది, ఫిబ్రవరి ఎండలు ముదురుతుండగా లాంచీ కంప్రెసర్‌కు పిచ్చి పట్టింది. ఎవరూ బటన్ ముట్టుకోకుండానే రెండు నిమిషాలకోసారి బుర్రుమని నడిచి ఆగేది, మళ్లీ నడిచేది. తీసి పక్కన పెడదామంటే కుదరదు. చేపలు పట్టేవాళ్ల పుట్టీలు ఎప్పుడు అడ్డం వస్తాయో తెలియదు, హారన్ లేని లాంచీని నీళ్లలోకి దింపకూడదు. అందుకని హాలియా నుంచి వహీద్‌ను పిలిపించారు. ఆయన పొద్దున్నే వచ్చి, పైపుకు చెవి ఆనించి విని, తల ఊపి, గాలి కొలిచి కంప్రెసర్‌ను నడిపే స్విచ్చి మార్చి, బాగైందని చెప్పి వెళ్లాడు.

వారం తిరగకుండానే ఒక మధ్యాహ్నం, జనం ఫొటోలు తీసుకోవడానికి పరమేశ్వర్ నీళ్ల నడుమ ఇంజన్ ఆపాడు. కంప్రెసర్ నడిచి నడిచి బ్యాటరీని పీల్చేసింది. ఇంజన్ మళ్లీ స్టార్ట్ కాలేదు. నలభై మంది, అందులో చంటిపిల్లలు, రెండు గంటలు ఎండలో తేలుతూ కూర్చున్నారు. ఇంకో బోటు వచ్చి లాక్కుపోయేదాకా పరమేశ్వర్ ఎవరి మొహమూ చూడలేకపోయాడు. వహీద్ రెండోసారి వచ్చాడు. అదీ పొద్దున్నే. మళ్లీ చెవి పెట్టి విన్నాడు, ఏదో కడిగి బిగించాడు, లీకు ఎక్కడా లేదన్నాడు. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ అదే బుర్రు.

లాంచీల సూపర్‌వైజర్ నరేశ్‌కు ఆ మాట చాలింది.

"మేస్త్రీ లీకు లేదంటుండు. అంటే గాలి నీ చేతుల్నే పోతాంది. పిల్లగాండ్లు అడిగినప్పుడల్ల బటన్ నొక్కుతున్నవ్. ఉగాది లోపల గిది బంద్ గాకపోతే స్టీరింగు వేరేటోనికిస్త. నువ్వు మల్ల తాళ్లు కట్టుకో" అన్నాడు.

ఆ రాత్రి పరమేశ్వర్ అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. తాళ్లు కట్టడం తక్కువ పనేం కాదు. అతను కట్టినవే. కానీ తను నడిపిన లాంచీని ఇంకొకడు నడుపుతుంటే ఒడ్డు మీద నిలబడి తాడు అందుకోవడం అతని వల్ల కాదు. మర్నాడు తెల్లవారగానే హాలియా బస్సెక్కాడు.

నరేశ్ అన్నదంతా అతను చెప్పాడు. వహీద్ నిందలేవీ వేయలేదు, సాకులూ చెప్పలేదు. టీ తాగించి, దగ్గరికి వంగి ఒక్కటే అడిగాడు.

"ఏ యాల్లకు నడుస్తది?"

"పొద్దుగాల నెమ్మదిగనే ఉంటది చాచా. పన్నెండు దాటినంక మొదలువెడ్తది."

వహీద్ గ్లాసు కింద పెట్టాడు. "గీ మాట నేను రెండు సార్లల్ల ఎన్నడన్న అడిగిన్నా?"

"అడగలే."

"అడగాల్సి ఉండె" అని లేచి, షాపు షట్టరు దించేశాడు. కోతల సీజన్లో, ముందర మూడు లారీలు నిలబడి ఉండగా. ఇంట్లోంచి భార్య అజ్మత్ బీ ఒక నూనె డబ్బా తెచ్చి ఇచ్చింది. నిండా కుంకుడు రసం. సర్ఫు నీళ్ల నురగ చప్పున చస్తుంది, ఇత్తడి మీద తెల్ల మరకలు వదులుతుంది. కుంకుడు నురగ అట్లాగే నిలబడి గాలి ఎక్కడ పోతుందో చూపిస్తుందని ఆ ఇంట్లో నమ్మకం. రాత్రి నానబెట్టి, పొద్దున పిసికి వడకట్టే పని ముప్పై ఏళ్లుగా ఆమెదే.

ఆ రోజు ట్రిప్పులు లేవు. ఒడ్డున కట్టి ఉన్న లాంచీలో వహీద్ బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. డబ్బా మీద గాలి కొలిచే ముల్లు ఎక్కడుందో సుద్దతో గీత పెట్టి దానికేసే చూస్తున్నాడు. అరవై దాటిన మనిషి, రోజా ఉన్నవాడిలా నీళ్లయినా అడగకుండా నాలుగు గంటలు కదల్లేదు. పదకొండు దాకా ముల్లు గీత మీదే ఉంది. రేకుల పైకప్పు కాలడం మొదలైంది. పన్నెండున్నరకు ముల్లు జారింది, కంప్రెసర్ బుర్రుమంది. పరమేశ్వర్‌కు ఏడుపొక్కటే తక్కువ. వహీద్ మొహంలో మాత్రం ఎదురుచూసిన చుట్టం బస్సు దిగినంత సంతోషం.

ఆయన డబ్బా కింద గాలిని ఆపే కాకు కట్టేశాడు. ముల్లు నిలబడిపోయింది. "డబ్బా మంచిగుంది. కంప్రెసర్, స్విచ్చి, అన్నీ మంచిగున్నయి. కాకు దాటినంక బూర దాంక నాలుగు జాయింట్లున్నయి. గా నాలుగింట్లనే ఉన్నది దొంగ" అన్నాడు. కాకు తెరిచి, పాత షేవింగ్ బ్రష్షు కుంకుడు నురగలో ముంచాడు. అప్పటికి నరేశ్ కూడా వచ్చి వెనక నిలబడ్డాడు. మొదటి జాయింటు దగ్గర నురగ కదల్లేదు. రెండో దాని దగ్గరా అంతే. బ్రష్షు మూడో దాని వైపు పోతుంటే పరమేశ్వర్‌కు ఒక్కసారిగా ఆ జాయింటు సంగతి గుర్తొచ్చింది.

మూడో జాయింటు మీద నురగ బుడగలు బుడగలుగా పొంగింది.

వహీద్ కాకు కట్టేసి పానాతో విప్పాడు. మర మీద, జాయింట్లకు చుట్టే టేపు లేదు. సన్నటి తెల్ల దారం, పోగు పక్కన పోగు, ఎక్కడా ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా చుట్టి ఉంది. అంత ఒద్దికగా చుట్టే చెయ్యి ఏ మెకానిక్‌కూ ఉండదు. ఆగస్టు వానల్లో ఆ జాయింటు కారితే, టేపు కోసం ట్రిప్పు ఆపడం ఎందుకని, ఉప్పలమ్మ టిఫిన్ డబ్బాకు కట్టిచ్చిన పడుగు నూలు విప్పి పరమేశ్వరే చుట్టాడు. గంజి పట్టిన నూలు. నీళ్ల మీది తేమకు ఉబ్బి జాయింటును గట్టిగా పట్టింది. చలికాలమంతా చుక్క గాలి పోనివ్వలేదు. ఎండలు వచ్చాక మధ్యాహ్నానికి ఎండి సన్నబడి సందిచ్చింది, రాత్రి తేమకు మళ్లీ ఉబ్బింది. పని అంత బాగా కుదిరింది కాబట్టే అతను దాన్ని పూర్తిగా మరిచిపోయాడు.

వహీద్ ఆ దారాన్ని చూశాడు, పరమేశ్వర్‌ను చూశాడు. దారం పిడికిట్లో పెట్టుకుని నరేశ్ వైపు తిరిగాడు.

"ముందుగాల నా తప్పు వినుండ్రి సార్. రెండుసార్లు చెవి వెట్టిన, రెండుసార్లు లీకు లేదన్న. నాకు వినబడక అన్న మాట అది. మూడేండ్ల సంది కుడి చెవి లేదు, ఎడమది సగమే. చెవిటోడు హారన్లు చేస్తుండంటే ఎవ్వరు రారని దాచుకున్న. వినబడ్డట్టు తల ఊపి అందాజ మీద స్విచ్చి మార్చిన. గీ పిల్లగాడు బటన్ నొక్కలే. నా అబద్ధానికి పిల్లగాడు మాట పడ్డడు."

ఈ మాట హాలియాకు చేరడానికి ఒక్క పూట చాలు, ఆ సంగతి ఆయనకు తెలుసు. తెలిసే అన్నాడు. ఇంత మాట పైకి అనగలిగిన పనివాళ్లు ఈ జిల్లాలో ఎందరున్నారో నాకు తెలియదు. ఒకరిని గురించి మాత్రం చెప్పగలను. లారీలు తర్వాత కూడా తగ్గలేదు, డ్రైవర్లు కాస్త గట్టిగా మాట్లాడటం నేర్చుకున్నారంతే.

"సరే, మరి ఆ దారం ఎవరు చుట్టిండ్రు?" అన్నాడు నరేశ్.

వహీద్ తల వంచుకుని మరను గుడ్డతో తుడుస్తున్నాడు. నిజంగా వినబడలేదో, వినబడనట్టు ఉన్నాడో పరమేశ్వర్‌కు ఇప్పటికీ తెలియదు. అప్పుడు ఊరుకుంటే చాలు, స్టీరింగు అతనిదే. కానీ ఆ వంచిన తల ముందు ఊరుకోవడం చేతకాలేదు.

"నేనే సార్. వానకాలంల కారుతుంటే మా అమ్మ ఇచ్చిన దారం చుట్టిన. మీకు చెప్పలే, తర్వాత యాదికి లేకపాయె. ఆ నలభై మంది నీళ్లల్ల ఆగింది నా దారం వల్లనే."

వహీద్ టేపు చుట్టి జాయింటు బిగించాడు, కాకు తెరిచాడు, ముల్లు దగ్గర కొత్త గీత పెట్టాడు. ముగ్గురూ ఆ ఎండలో అరగంట కూర్చున్నారు. ముల్లు గీత దిగలేదు. నరేశ్ లేచి ప్యాంటు దులుపుకున్నాడు.

"ఆదివారం పదింటి ట్రిప్పు నువ్వే తీస్కపో. ఇంకోసారి ఏదన్న చుడితే నాకు చెప్పి చుట్టు" అని మెట్లెక్కి వెళ్లిపోయాడు.

వహీద్ పానాలు సంచిలో వేస్తూ, "ఏమన్నడు బిడ్డా?" అని అడిగాడు.

పరమేశ్వర్ మామూలుగా చెప్పాడు, ఆయనకు వినబడలేదు. రెండోసారికి ఆయన ఎడమ చెవి దగ్గరికి వంగి, ఒడ్డున చేపలు కడిగే ఆడవాళ్లు తిరిగి చూసేంత గట్టిగా చెప్పాడు. "స్టీరింగు నాకే ఉంచిండు చాచా."

"సరిగ వినలే" అన్నాడు వహీద్, కళ్లు తుడుచుకుంటూ. "మల్లొకసారి చెప్పు."

పరమేశ్వర్ మళ్లీ చెప్పాడు.