నది దగ్గర ఆగిన నిఘంటువు

నిఘంటువు ఆఫీసులో పెద్దాయనకు ఒకటే జబ్బు. ఎదురుపడిన మనిషినల్లా ఆపి, "మీ వైపు ఏటిని ఏమంటారు?" అని అడగడం. పళ్ళ డాక్టరు పట్టకారు నోట్లో పెట్టినా అడగడం మానలేదట. డాక్టరు తన ఊరి వాగు సంగతి చెప్పుకుంటూ చెప్పుకుంటూ పక్క పన్ను పీకేశాడు.

ఈ జబ్బుతో ఎక్కువ బాధపడింది మాత్రం ఆయన సహాయకుడు. ఇప్పుడీ సంగతి ఎవరికి చెప్పినా, ముందు తన నెత్తిన తనే ఓ మొట్టికాయ వేసుకుని మొదలుపెడతాడు. ఆ రోజుల్లో ఆఫీసంతా తన బుర్ర మీదే నడుస్తోందని ఆ మహామేధావి నమ్మకం. నకారం సంపుటంలో మాటలన్నీ ముగిశాయి. 'నది' ఒక్కటే మిగిలింది. రెండేళ్ళుగా మిగిలే ఉంది. సంపుటం అచ్చుకు వెళ్ళిందంటే తన తాత్కాలిక ఉద్యోగం పర్మనెంటు అయిపోతుందని భార్యకూ, ఇంటి ఓనరుకూ, ఆఖరికి పాలవాడికి కూడా మాటిచ్చేశాడు.

ఒకరోజు ఓపిక నశించి, "నది: నీటి ప్రవాహం" అని కార్డు రాసి పెద్దాయన ముందు పెట్టాడు.

"మొన్న మా ఇంట్లో పైపు పగిలింది. అదీ ప్రవాహమే. మా ఆవిడ దాన్ని నది అనలేదే?"

"పెద్ద ప్రవాహం అని దిద్దుతాను సార్."

"ఎంత పెద్దది నాయనా? వాగు ఎక్కడ ఆగి ఏరవుతుంది?"

సరిగ్గా అప్పుడే ఆఫీసు కుళాయి బాగుచేయడానికి ప్లంబరు వచ్చాడు. ఇంకేముంది!

"మోకాలి లోతుంటే వాగండి. మనిషి మునిగితే ఏరు. ఎండల్లో ఇసకే మిగిలినా ఏరే."

"మరి నది?"

"అదా? అది పుస్తకాల్లో ఉంటుందండి."

పెద్దాయన ఆనందం పట్టలేక కార్డుల కట్ట విప్పాడు. పాయ ఎక్కడ చీలుతుంది, రేవుకు మెట్లుండాలా, మడుగులో నీళ్ళెందుకు కదలవు? ప్లంబరు విప్పిన కుళాయిని చేత్తో పట్టుకుని అన్నిటికీ ఓపిగ్గా జవాబులు చెప్పాడు. పావుగంటలో గది నిండా చీలమండల దాకా నీళ్ళు. సహాయకుడు బల్లెక్కి కూర్చున్నాడు. పెద్దాయన ప్యాంటు పైకి మడుచుకుని, "దీన్ని వాగనొచ్చా?" అని అడుగుతున్నాడు.

ఆ సాయంత్రమే సహాయకుడు పెద్దాయన ఆలస్యం మీద రెండు పేజీల ఫిర్యాదు రాసి డైరెక్టరుగారి ట్రేలో పెట్టాడు. మర్నాడు కబురొచ్చింది.

"అయితే నువ్వే పూర్తిచేసి పట్రావయ్యా," అన్నాడు డైరెక్టరు.

రెండు రోజుల్లో పూర్తిచేశాడు. నది, ఏరు, వాగు, వంక, సెలయేరు, ఉపనది అన్నిటినీ ఒకే పేరాలో కుక్కాడు. 'ఏటికి ఎదురీదడం' దగ్గర ఉదాహరణగా తన పేరే రాద్దామనుకుని, బాగుండదని ఊరుకున్నాడు.

డైరెక్టరు చదివి, "శభాష్! ఇక సోమవారం నుంచి నువ్వు రానక్కర్లేదు," అన్నాడు.

"అదేంటి సార్! పర్మనెంటు చేస్తారు కదా?"

"నీ ఆర్డరు చదువుకోలేదా? 'ఈ సంపుటం పూర్తయ్యేవరకు' అని ఉంది. ఐదేళ్ళు నిండితేనే పర్మనెంటు. నీకింకా మూడు నెలలు తక్కువ."

లోకంలోని ప్రతి మాటకూ అర్థం వెతికే మనిషి తన ఆర్డరు మాత్రం చదవలేదు. జీతం ఎంతో చూసుకుని మడిచి పెట్టేశాడు. ఇప్పుడు చూస్తే ఇద్దరు పిల్లలు, అద్దె ఇల్లు. తన గొయ్యి తనే తవ్వుకున్నాడు, అదీ రెండే రోజుల్లో.

అచ్చుకు పెద్దాయన సంతకం కావాలి. పిలిపించారు. ఆయన వచ్చి, నిలబడే చదివి, కళ్ళజోడు తీశాడు.

"ఇందులో రేవు లేదు, ఒడ్డు లేదు, సుడి లేదు. మనిషి దిగడానికి చోటు లేని నది ఏమిటండీ? నేను సంతకం పెట్టను."

"మరి ఎంతకాలం పడుతుంది మాస్టారూ?"

"మూడు నెలలు," అన్నాడు టక్కున. "పైన ఒక్క రోజు."

డైరెక్టరు ఆయన వంక చూశాడు, సహాయకుడి వంక చూశాడు. నవ్వాపుకుంటూ ఫైలు మూశాడు. "ఆ పైన ఒక్క పూట కూడా ఇవ్వను."

వరండాలోకి రాగానే సహాయకుడు ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "సార్, రెండేళ్ళుగా నా కోసమేనా ఆపింది?"

"మరీ ఉబ్బిపోకు. సగం నీ కోసం. సగం నిజంగానే అర్థం దొరక్క."

"ముందే చెప్పొచ్చు కదండీ?"

"చెబితే నువ్వూ నెమ్మదించేవాడివి. ఆఫీసుకు నేనొక్కణ్ణి చాలనూ?"

సహాయకుడికి సిగ్గుతో తల పైకి లేవలేదు. "సార్... మీ మీద ఫిర్యాదు రాసింది నేనే."

"తెలుసు నాయనా. కోపంలో సగం వాక్యాలు మధ్యలోనే వదిలేశావు. ట్రేలోంచి తీసి, అవన్నీ పూర్తిచేసి, శుభ్రంగా తిరగరాసి మళ్ళీ అందులో పెట్టింది నేనే."