కొంగు ముచ్చట

మా తమ్ముడి మనవరాలు హైదరాబాదులో మనసుకు సంబంధించిన వైద్యమేదో చదువుతోంది. సెలవులకు నల్లగొండలో నా దగ్గరికి వచ్చినా దాని చదువు దాని వెంటే వస్తుంది. మొన్నొక సాయంత్రం కంప్యూటరు ముందు కూర్చుని, తెర మీద కనిపించే నలుగురైదుగురు తోటి పిల్లలతో కలిసి సాధన చేస్తోంది. ఒకరు కష్టంలో ఉన్న మనిషిగా కూర్చుంటారట, ఇంకొకరు ప్రశ్నలు అడుగుతారట, సలహా మాత్రం చెప్పకూడదట, అదను చూసి ఒక పోలిక చెప్పి వదిలేయాలట, మిగిలినవాళ్ళు విని అడిగిన తీరులో మంచిచెడ్డలు చెబుతారట. ఇదంతా నిన్నగాక మొన్న పుట్టిన విద్య అన్నట్టు నాకు వివరించి, "అవ్వా, జర నువ్వు గూడ కూసోరాదు, పెద్దోళ్ళను ఎట్ల అడగాల్నో మాకు అలవాటైతది" అంది. నేను కూర్చోనన్నాను. ఎందుకంటే మోకాళ్ళ నొప్పులన్నాను. అసలు సంగతి దానికి చెప్పలేదు. మీరు నా ఈడువాళ్ళు కనుక మీకు చెబుతాను.

ఆ విద్య నేను పందొమ్మిదివందల అరవైల మొదట్లోనే నేర్చుకున్నాను. మహబూబ్‌నగర్ ఊరి చివర గ్రామసేవికలకు శిక్షణ ఇచ్చే చోట, జిల్లాల నుంచి ఏరి తెచ్చిన ఆడపిల్లలతో పాటు నేనూ ఉండేదాన్ని. పొగరాని పొయ్యి కట్టడం, పసిపిల్లలను తూకం వేయడం, గజ్జికి మందు రాయడం, ఇవన్నీ పగటిపూట నేర్పేవారు. మాది నార్కట్‌పల్లి దగ్గర సాలెవాళ్ళ ఇల్లు. మగ్గం చప్పుడు లేని ఇంట్లో నేను పడుకున్నది అదే మొదటిసారి కావడంతో, మొదటి కొన్నాళ్ళు ఆ నిశ్శబ్దానికే నిద్ర పట్టేది కాదు.

నేను అక్కడికి చేరింది సేవ చేద్దామని కాదు. నా పెనిమిటి ఇంకొకామెను తెచ్చుకుని నన్ను పుట్టింటికి పంపాడు. పాలు మరిచిన బిడ్డను మాత్రం మా అత్త ఇవ్వనంది. ఆడపిల్ల మీద ప్రేమ పొంగి కాదు, ఇంకో నాలుగైదేళ్ళు ఆగితే మగ్గానికి నూలు కండెలు చుట్టే చేతులు రెండు ఇంట్లో ఉంటాయని. సొంతంగా జీతం ఉంటే పెద్దమనుషుల ముందు నిలబడి బిడ్డను అడగవచ్చని మా అన్న నన్ను ఆ శిక్షణలో చేర్పించాడు. చిన్నపిల్లల తల్లులను తీసుకోరంటే, పిల్లలు లేరని చెప్పమని అతనే నేర్పాడు. అట్లాగే చెప్పాను. ఆ ఒక్క అబద్ధం మీదే అక్కడ నా చాప, నా కంచం, నా రేపటి జీతం అన్నీ ఆధారపడి ఉన్నాయి.

మాకు పాఠాలు చెప్పే ఆవిడ కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన పెద్దమనిషి. మేము అమ్మగారు అని పిలిచేవాళ్ళం. మా మాట వినపడితే చాలు "అలా కాదమ్మా, ఇలా అనాలి" అని దిద్దేది కానీ, మనిషి చెడ్డది కాదు. ఊళ్ళలోకి పోయి ఆడవాళ్ళకు నీతులు చెబితే ఎవరూ వినరని, ముందు అడగడం నేర్చుకోవాలని ఆవిడ పట్టుదల. అందుకోసం రోజూ సాయంత్రం వసారాలో మమ్మల్ని గుండ్రంగా కూర్చోబెట్టేది. వంతు వచ్చిన పిల్ల తల మీద కొంగును కనుబొమల దాకా లాక్కుని ఏదో ఒక ఊరి ఆడమనిషి అయిపోవాలి. ఎదురుగా కూర్చున్నది అడగాలి, చివరికి ఒక పోలిక చెప్పి ఆగాలి. మేము దానికి కొంగు ముచ్చట అని పేరు పెట్టుకున్నాం. మొదట్లో అదొక వినోదంగానే ఉండేది. షాద్‌నగర్ నుంచి వచ్చిన పిల్ల తాగుబోతు పెళ్ళాంగా కూర్చుని మొగుణ్ణి తిడుతుంటే, అడగవలసిన పిల్ల ప్రశ్న మరిచి కడుపు పట్టుకుని నవ్వేది. ఒకసారి మాత్రం ఒకామె కొంగు కింద చెప్పిన అత్త పోరు ఆమె సొంతదేనని మిగతావాళ్ళు మరునాడు వెక్కిరించారు. అది పెద్ద జగడమైంది. ఆనాటి నుంచి అమ్మగారు గట్టి కట్టుబాటు పెట్టారు. కొంగు కింద ఉన్నది ఆ మనిషి కాదు, కొంగు తీశాక ఆ మాట ఎవరూ ఎత్తకూడదు, అడగకూడదు. మేమందరం దాన్ని దేవుడి ముందు ఒట్టంత నిక్కచ్చిగా పాటించాం.

శిక్షణ సగం దాటిన రోజుల్లో ఒక మధ్యాహ్నం మా అన్న గేటు దగ్గరికి వచ్చి నన్ను పిలిపించాడు. నిలబడే చెప్పాడు. "మీ అత్తగారోళ్ళందరు షోలాపూర్ పోతున్నరట చెల్లె, ఆడ మరమగ్గాల పని దొరికిందట. పిల్లను గూడ తోల్కపోతున్నరు. నేనొక్కణ్ణి అడిగితే ఇయ్యరు. తల్లివి నువ్వొస్తే నలుగుర్ల అడగొచ్చు. రేపు పొద్దటి బస్సుకు రా, నార్కట్‌పల్లిల నిలవడి ఉంట." సెలవు అడగాలంటే కారణం చెప్పాలి, కారణం చెబితే అబద్ధం బయటపడుతుంది, చెప్పకుండా పోతే పేరు కొట్టేస్తారు. పేరు పోతే బిడ్డను తెచ్చినా పెట్టేదేమిటి? అన్న వదినల పంచన ఇద్దరం పడి ఉండాలి. పోకపోతే బిడ్డే పోతుంది. ఏం చేయాలో తెలియక అన్నకు అవునని చెప్పలేదు, కాదని చెప్పలేదు.

ఆ సాయంత్రం వంతు నాదే. కొంగు లాక్కున్నాను, ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. ఊరి పేరు మార్చాను, అంతే. అంతమందిలో ఒక్కరైనా గుర్తుపడతారని, లేచి వచ్చి భుజం మీద చెయ్యి వేసి పద నేనూ వస్తానంటారని నా ఆశ.

ఎదురుగా అడిగే వంతు మక్తల్ దిక్కు గొర్రెల కాపరుల ఇంటి పిల్లది. నాకంటే చిన్నది, నా పక్క చాప మీదే పడుకునేది, మా అందరిలోకీ బాగా అడిగేది. ఆ రోజు ఎంత బాగా అడిగిందో ఇప్పటికీ ఒప్పుకుంటాను. బిడ్డను తలుచుకుంటే ముందుగా ఏం యాదికొస్తుందంది. జుట్టులో చిక్కుకున్న నూలు పీచు అన్నాను. పోతే ఏం పోతుంది, ఉంటే ఏం పోతుందంది. చెప్పాను. ఏడుపు ఆగలేదు. అది నేను ఏడ్చి ముగించేదాకా ఊరుకుని, మెల్లగా పోలిక ఎత్తింది. "ఈనిన గొర్రె మేతకు పోతదమ్మా, పిల్ల దొడ్లనే ఉంటది. పోకుంటె పాలు ఏడికెల్లి వస్తయి? పొద్దుగూకి మంద తిరిగొస్తే గన్ని పిల్లలల్ల దాని పిల్ల దానికి ఎరుకే. పిల్లకు గూడ తల్లి అరుపు ఎరుకే." అంతే అని ఆగిపోయింది. పోలికకు అర్థం చెప్పకూడదు, అదీ కట్టుబాటే.

వసారా అంతా చప్పట్లు. అమ్మగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పోలిక అంటే అలా ఉండాలి, తన ఇంటి పనిలోంచి తీసి ఈమె కష్టానికి ఎలా అతికిందో చూడండి అని ఆ పిల్లను మెచ్చుకున్నారు. నా వైపు తిరిగి, "నువ్వూ ఎంత సహజంగా చేశావమ్మా, నిజంగా తల్లివే అనుకున్నాను" అన్నారు. నేను కొంగు తీసి ముఖం తుడుచుకున్నాను. ఎవరూ ఏమీ అడగలేదు. అడగకూడదు కదా.

ఆ పోలిక నన్ను కట్టేసి కూర్చోబెట్టింది. మేతకు పోయిన గొర్రెనే నేను అనుకున్నాను. శిక్షణ ముగించి జీతం తెచ్చుకుంటే బిడ్డ ఎక్కడున్నా నన్ను గుర్తుపడుతుందనుకున్నాను. పొద్దటి బస్సు వెళ్ళేవేళకు నేను మట్టి పిసుకుతూ పొగరాని పొయ్యి కడుతున్నాను. మా అన్న మధ్యాహ్నం దాకా నార్కట్‌పల్లిలో నిలబడి, ఇక రానని తెలుసుకుని ఒక్కడే పోయి అడిగాడట. కన్నతల్లే రాలేదు, నడుమ నీకేంది అని మా అత్త నలుగురి ముందు అన్నదట. మా అన్న ఉత్త చేతులతో ఇంటికి మళ్ళాడు.

గొర్రె సాయంత్రానికి తిరిగివస్తుంది. అది మరిచి పోలిక చెప్పింది ఆ పిల్ల, అది మరిచి చప్పట్లు కొట్టారు అందరూ. ఉద్యోగం వచ్చి, సెలవు దొరికి, వాళ్ళుండే వాడ ఆచూకీ తెలిసేసరికి ఏళ్ళు గడిచాయి. షోలాపూర్‌లో మరమగ్గాల హోరు మధ్య ఒక ఇరుకు గదిలో నా బిడ్డ సవతి చీర కుచ్చిళ్ళ వెనక దాక్కుని నన్ను తొంగి చూసింది. చెయ్యి చాస్తే ఏడ్చింది. ఆ సవతి మంచిదే, రొట్టె పెట్టింది. ఆమె మంచిది కావడం నాకు ఇంకా కష్టమనిపించింది. ఎవరిని తిట్టుకుంటూ తిరిగి రావాలో తెలియలేదు.

మక్తల్ పిల్ల తరువాత చాలాకాలానికి, ఇద్దరికీ తలలు నెరిశాక, ఒక పెళ్ళిలో కలిసింది. విస్తళ్ళ ముందు కూర్చున్నప్పుడు నేనే ఆ సంగతి ఎత్తాను. అది తల వంచుకుంది. "నాకు తెల్వకనా అక్కా, నిద్రల నువ్వు పక్కన చాపను జోకొట్టేదానివి. కొంగు తీసినంక అడగొద్దన్నరు గదా" అంది. దాని మీద నాకు అక్కడ కోపం రాలేదు. ఇంటికి వచ్చాక వచ్చింది. ఇప్పటికీ పోలేదు.

మన కాలంలో మనుషులు ఒకరికొకరు ఉండేవారని, ఇప్పటి పిల్లలకే తీరిక లేదని మన ఈడువాళ్ళం కూడినప్పుడల్లా అనుకుంటాం. నేను మాత్రం ఆ మాటకు తల ఊపలేను. ఇప్పటివాళ్ళు అడగడం మాకంటే మెత్తగా నేర్చుకున్నారు, మంచిదే. అప్పుడూ ఇప్పుడూ లోటు ఒకటే, విన్న తరువాత లేచి చెప్పులేసుకునేవాళ్ళు లేరు. నా ఉద్యోగంలో ఊరూరా తిరిగినన్నాళ్ళూ నేను ఎవరికీ పోలిక చెప్పలేదు. కన్నీళ్ళు మింగుతున్న ఆడమనిషి కనపడితే ఎక్కడికి పోవాలో చెప్పమని, దవాఖానకైతే దవాఖానకు, అత్తగారింటికైతే అత్తగారింటికి వెంట పోయాను. కొన్నిచోట్ల తిట్లు తిన్నాను. దానితో నాది నాకు రాలేదు.

మారినవి మారాయి. షోలాపూర్‌కు ఇప్పుడు బస్సులు కావలసినన్ని. నా బిడ్డకూ మనవలున్నారు, ఏడాదికో రెండేళ్ళకో వచ్చి చూసి పోతుంది, పండ్లు తెస్తుంది, మందులు వేసుకుంటున్నానో లేదో అడుగుతుంది. మొన్న ఎండాకాలంలో వచ్చింది. చెమటలు కక్కుతూ వచ్చి అరుగు చివరన కూర్చుని, చేతికందే దూరంలో ఉన్న కుండ వైపు చూసి, "జరన్ని నీళ్ళు తాగొచ్చునా?" అని నన్ను అడిగింది. తాగు బిడ్డా అన్నాను.